చలికి గడ్డి ఎర్రబడిపోయింది, చచ్చిందా బతికుందా? (సిమిలిగూడ)

గెడ్డ ఒడ్డు (సిమిలిగూడ) · డిసెంబర్ 21, ఉదయం 8.40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ మీరు రాసేవి చదివి వెళ్ళిపోయేవాణ్ణి, రాయడం ఇదే మొదలు.

మాది సిమిలిగూడ. అరకు దగ్గర రైలు స్టేషను ఉన్న శిమిలిగుడ కాదు. చాలామంది అదే అనుకుంటారు, మా బంధువులు కూడా ఒకసారి అక్కడ దిగి ఫోన్ చేశారు. మాది కొరాపుట్ జిల్లా. సాలూరు నుంచి సుంకి ఘాటీ ఎక్కి, పొట్టంగి దాటాక వస్తుంది. రిటైరయ్యాక ఊరి చివర గెడ్డ పక్కన ఇల్లు కట్టుకున్నాం. ఇంటి వెనక ఇరవై అడుగుల వెడల్పు, ముప్ఫై అడుగుల పొడవు జాగా. మూడేళ్ళ కిందట కడియం నుంచి గడ్డి తెప్పించి వేయించాను. వానాకాలంలో చూస్తే కళ్ళు చల్లబడేవి.

ఇప్పుడు చూస్తే ఏడుపొస్తోంది. మొత్తం ఎండుగడ్డి రంగు. మధ్యలో చారలు చారలుగా మరీ నల్లగా మాడినట్టు ఉంది. నిరుడు కొంచెమే రంగు మారింది, ఈసారి ఇలా. పొద్దున్న లేచేసరికి గడ్డి కొసల మీద తెల్లగా పంచదార చల్లినట్టు ఉంటోంది. వరండాలో థర్మామీటరు మాత్రం 5 డిగ్రీలు చూపిస్తోంది. సున్నా కాకుండానే మంచు ఎలా గడ్డకడుతుందో అర్థం కావడం లేదు.

గడ్డి చచ్చిపోయిందా? మొత్తం పీకేసి మళ్ళీ వేయించాలా? ఫోటో పెట్టాను, దయచేసి ఎవరైనా చెప్పండి.


బరంపురం కుర్రాడు (బరంపురం) · డిసెంబర్ 21, 9.15

5 డిగ్రీలా! మాకు ఇక్కడ చలికాలం అంటే ఫ్యాను రెండు మీద పెట్టుకోవడమే. నీళ్ళు బాగా పెట్టండి గురువుగారూ, గుప్పెడు యూరియా చల్లండి, వారంలో పచ్చబడుతుంది. మా మేడ కింద అలాగే చేశాం.


జయపురం మాస్టారు (జయపురం) · డిసెంబర్ 21, 11.30

బాబూ బరంపురం, ఆ మందు సముద్రం పక్కన పనిచేస్తుంది. తొమ్మిది వందల మీటర్ల ఎత్తున పనిచేయదు.

గెడ్డ ఒడ్డు గారూ, కంగారు పడకండి. నాలుగు సంగతులు చెప్పండి. గడ్డి ఏ రకం? చివరిసారి ఎప్పుడు కోశారు, ఎంత ఎత్తున కోశారు? ఈ రెండు నెలల్లో ఏమైనా చల్లారా? నీళ్ళు ఏ పూట పెడుతున్నారు? నిజం చెప్పాలి సుమా. నేను ముప్ఫై ఏళ్ళు వృక్షశాస్త్రం చెప్పినవాణ్ణి, అబద్ధం రాసిన జవాబు పత్రాన్ని దూరం నుంచే పట్టేస్తాను.


గెడ్డ ఒడ్డు · డిసెంబర్ 21, మధ్యాహ్నం 1.05

మాస్టారూ, నిజమే చెబుతాను.

కొరియన్ గడ్డి అని చెప్పి అమ్మారు. నవంబర్ మొదట్లో యూట్యూబ్‌లో ఒక వీడియో చూశాను. చలి దేశంలో ఒకాయన చలికాలం రాకముందే గడ్డికి 'వింటరైజర్' అని ఎరువు వేసి, పొట్టిగా కోసి, బాగా నీళ్ళు పెట్టమన్నాడు. ఆయన లాన్ బిలియర్డ్స్ బల్లలా ఉంది. సరే అని నవంబర్ 25 ప్రాంతంలో నేల కనిపించేలా కోయించి, రెండు కిలోల యూరియా చేత్తో చల్లాను. అప్పటి నుంచి రోజూ సాయంత్రం పైపుతో తడుపుతున్నాను. పొద్దున్న చలికి బయటికి రాలేను కదా.


నర్సరీ బుల్లోడు (రాయగడ) · డిసెంబర్ 21, 1.40

సార్, ఫోటోలో ఆకు చూశాను. మీకు వేసింది కొరియన్ కాదు. కొరియన్ అయితే ఆకు బిరుసుగా ఉంటుంది, ఉత్తి కాళ్ళతో నడిస్తే అరికాలికి గుచ్చుకుంటుంది. మీది 'సెలెక్షన్ వన్' అని అమ్మే రకం. అంటే గరికే, వినాయకుడికి పెట్టే గరికకి బాగా పెంచిన తమ్ముడు. మట్టితో సహా కోసి అమ్మే గడ్డి కార్పెట్ ముక్కలు లారీలో కలిసిపోతుంటాయి, అమ్మేవాళ్ళకీ తెలియదు ఒక్కోసారి. నేనూ అమ్ముతాను కాబట్టి ఇంతకంటే ఎక్కువ మాట్లాడను.

నష్టమేమీ లేదు లెండి. ఎండకి గరికే గట్టిది.


జయపురం మాస్టారు · డిసెంబర్ 21, సాయంత్రం 4.20

బుల్లోడు చెప్పింది సగం సంగతి తేల్చేసింది. మిగతా సగం నేను చెబుతాను, కొంచెం పొడుగవుతుంది.

గడ్డిలో రెండు గోత్రాలు ఉన్నాయి. గరిక, కొరియన్ గడ్డి వేసవి గోత్రం. మొక్కజొన్న, చెరకు ఎండని ఎలా వాడుకుంటాయో ఇవీ అలాగే వాడుకుంటాయి. వేడి ఉంటే పరుగెడతాయి. రాత్రి చలి 15 డిగ్రీల కిందకి దిగితే నీరసిస్తాయి, నేల వేడి 10 డిగ్రీల దగ్గరికి వస్తే పూర్తిగా నిద్రపోతాయి. ఆకులో పచ్చదనం పోతుంది, సరుకంతా కింద కాడల్లో, వేళ్ళలో దాచుకుంటుంది. మీరు చూస్తున్న ఎండుగడ్డి రంగు చావు కాదు, నిద్ర.

రెండో గోత్రం చలి గోత్రం. కెంటకీ బ్లూగ్రాస్, ఫెస్క్యూ, రై గ్రాస్. వీటిది గోధుమ పద్ధతి. చల్లదనంలోనే పెరుగుతాయి. ఆ వీడియో ఆయన గడ్డి ఈ గోత్రానిది. దానికి శీతాకాలం ముందు ఎరువు వేస్తే వేళ్ళకి బలం. అదే ఎరువు నిద్రపోబోతున్న గరికకి వేస్తే, పడుకోబోయే పిల్లాడికి టీ తాగించినట్టు. లేత చివుళ్ళు తన్నుకొస్తాయి, మర్నాడు మంచు వాటినే ముందు కొడుతుంది.

ఇక లెక్క. ఒక విడతకి వెయ్యి చదరపు అడుగులకి అర కిలోకి కాస్త తక్కువ నత్రజని మించకూడదు. యూరియాలో నత్రజని 46 శాతం, అంటే వెయ్యి అడుగులకి కిలో యూరియా అన్నమాట. మీ జాగా ఆరు వందల అడుగులు, ఆరు వందల గ్రాములే పైహద్దు. అదీ ఎదిగే కాలంలో. మీరు వేసింది రెండు కిలోలు. ఆ నల్ల చారలు చూశారా, అవి మీ చెయ్యి ఊగిన దారి. గుప్పెట వదిలిన చోటల్లా మాడింది.

మంచు సంగతి. మబ్బు లేని, గాలి ఆడని రాత్రి ఆకు తన వేడిని ఆకాశానికి వదిలేస్తుంది. అందుకని మీ వరండాలో గాలి 5 డిగ్రీలున్నా గడ్డి కొస సున్నాకి దిగిపోతుంది. పైగా చల్లగాలి బరువు, నీళ్ళలాగే పల్లానికి జారుతుంది. మీ ఇల్లు గెడ్డ పక్కన. సిమిలిగూడ చలంతా రాత్రి మీ పెరట్లోకే వచ్చి పడుకుంటుంది.

సాయంత్రం తడుపు మానేయండి. ఆకు రాత్రంతా తడిగా ఉంటే బూజు రోగాలకి ఆహ్వానమే.


గెడ్డ ఒడ్డు · డిసెంబర్ 21, 4.50

చాలా చాలా థ్యాంక్స్ మాస్టారూ. చేసిందంతా తప్పే అన్నమాట. ఇప్పుడు ఏం వెయ్యాలి?


జయపురం మాస్టారు · డిసెంబర్ 21, 4.58

ఏమీ వెయ్యకండి.


గెడ్డ ఒడ్డు · డిసెంబర్ 21, 5.02

వేపపిండి? వర్మి కంపోస్టు?


జయపురం మాస్టారు · డిసెంబర్ 21, 5.10

ఏమీ అంటే ఏమీ. రెండు మూడు వారాలకి ఒకసారి, ఎండెక్కాక, కాడలు ఎండిపోకుండా కాసిని నీళ్ళు పెట్టండి. అరంగుళం చాలు. అంగుళం నీళ్ళంటే మీ జాగాకి దాదాపు 1400 లీటర్లు, అందులో సగం. రోజూ పైపు పట్టుకుని నిలబడే అలవాటు మానలేకపోతే క్రోటన్ మొక్కల దగ్గరికి వెళ్ళి నిలబడండి.


పొట్టంగి అల్లం (పొట్టంగి) · డిసెంబర్ 21, రాత్రి 8.15

మాస్టారూ, ఒక సందేహం. మా కాడ బంగాళాదుంప, కూరగాయలు వేసేవాళ్ళు మంచు కొట్టే సూచన ఉంటే ముందే చేనికి నీరు పెడతారు. మీరు తడపొద్దు అంటున్నారు.


జయపురం మాస్టారు · డిసెంబర్ 21, 9.00

మీ రైతులు చేసేదీ సరైనదే. తడి నేల పగటి వేడిని ఎక్కువ పట్టి ఉంచి, రాత్రి మెల్లగా వదులుతుంది. వాళ్ళు తడిపేది నేలని, ఈయన తడిపేది ఆకుని, అదీ పొద్దుగూకాక. మధ్యాహ్నం పన్నెండుకి పెడితే రెండూ కుదురుతాయి. నా మాటని సరిచేసినందుకు సంతోషం, 'నీళ్ళు ఎప్పుడు' అన్నది ఇంకా గట్టిగా చెప్పి ఉండాల్సింది.


బల్లార్షా ఎండ (చంద్రపూర్ జిల్లా) · డిసెంబర్ 22, ఉదయం 7.30

మీ గొడవ చదువుతుంటే నవ్వొస్తోంది. మా బల్లార్షాలో మే నెలలో 46, 47 డిగ్రీలు. గడ్డికి పైన ఆకుపచ్చ వల కడతాం, మనిషికి కూలర్ పెట్టినట్టు. చలికాలం వస్తే మాకు గడ్డి మొహం చూసే తీరికే ఉండదు, అది కాస్త పసుపు తిరిగినా ఎవరూ పట్టించుకోరు. సంక్రాంతి దాటాక దానంతట అదే వస్తుంది.

ఒకటి మాత్రం అనుభవం మీద చెబుతాను. నేల కనిపించేలా కోయడం ఎండకీ తప్పే, చలికీ తప్పే. ఒక్కసారికి మూడో వంతు కన్నా ఎక్కువ కోయకూడదని మా కాలనీ తోటమాలి, చదువు రాని మనిషి, మొదటి రోజే చెప్పాడు.


మంచుదేశం (మిన్నెసోటా, పుట్టింది గుణుపురం) · డిసెంబర్ 22, రాత్రి 10.45

బాబాయ్ గారూ, మీరు చూసిన వీడియో మా ఊరి వైపు వాళ్ళదే అయి ఉండాలి! అందుకే రాస్తున్నాను. ఇక్కడ సంగతి చెబితే మీకు ఏది పనికొస్తుందో, ఏది రాదో మీరే తేల్చుకుంటారు.

మేం ఉండేది మినియాపోలిస్ పక్కన. మా ముందరి గడ్డి కెంటకీ బ్లూగ్రాస్, కొంచెం ఫెస్క్యూ కలిసింది. నవంబర్‌లో మంచు పడితే ఒక్కోసారి మార్చి దాటేదాకా నేల కనిపించదు. భూమి మూడు నాలుగు అడుగుల లోతు దాకా రాయిలా గడ్డకడుతుంది. అందుకని ఇక్కడ లాన్ పనంతా సెప్టెంబర్‌లోనే. లేబర్ డే అని సెప్టెంబర్ మొదటి సోమవారం సెలవు వస్తుంది, ఆ రోజు వీధంతా ఎరువు చల్లే బండ్ల చప్పుడే. నేలలో ఇంకా వేడి ఉంటుంది, గాలి చల్లబడుతుంది, కలుపు విత్తనాలు మొలిచే కాలం అయిపోతుంది. పలచబడిన చోట్ల విత్తనం వేసేదీ ఆగస్టు చివర నుంచి సెప్టెంబర్ సగం లోపే. రై గ్రాస్ వారం పది రోజుల్లో మొలుస్తుంది. బ్లూగ్రాస్ అయితే మూడు వారాలు, ఒక్కోసారి నాలుగు. నేను మొదటి ఏడాది పదో రోజుకే ఏమీ రాలేదని మళ్ళీ విత్తనం చల్లాను, తర్వాత రెండూ కలిసి ఒత్తుగా మొలిచి ఒకదాన్నొకటి చంపుకున్నాయి.

ఎదిగే కాలంలో మూడు అంగుళాల ఎత్తు ఉంచుతాం. అక్టోబర్ చివర ఆఖరి కోత మాత్రం కొంచెం పొట్టిగా, రెండున్నర అంగుళాలకి. ఎందుకంటే పొడుగు గడ్డి మంచు బరువుకి చాపలా పడిపోతుంది, దాని కింద 'స్నో మోల్డ్' అని బూజు పడుతుంది. రాలిన ఆకులు ఊడ్చకపోయినా అంతే. మొదటి వసంతంలో మంచు కరిగాక చూస్తే గుండ్రంగా ప్లేట్ల మాదిరి మచ్చలు, పైన సాలెగూడు లాంటి బూడిద రంగు పొర. అమ్మకి వీడియో కాల్‌లో చూపిస్తే, "ఎవరో దోసెలు పోసి తీసినట్టుందే" అంది. దానికి మందేమీ వెయ్యక్కర్లేదు. రేకు పళ్ళ దంతెతో తేలిగ్గా గీరి, గాలి తగిలేలా చేస్తే చాలావరకు కోలుకుంటుంది. ఎలుకల్లాంటి 'వోల్' అనే జీవులు మంచు కిందే సొరంగాలు చేసుకుని గడ్డి తింటాయి. మంచు కరిగాక లాన్ మీద ఎవరో వంకర టింకరగా నాగలి దున్నినట్టు ఉంటుంది. రోడ్డు అంచున ఇంకో గొడవ. మంచు కరగడానికి చల్లే ఉప్పు గడ్డి మీద పడి అడుగు వెడల్పున మాడుతుంది. వసంతంలో అక్కడ నీళ్ళు బాగా పెట్టి ఉప్పుని కిందకి దింపాలి.

నీళ్ళ పైపులు కూడా అక్టోబర్‌లో కంప్రెసర్‌తో గాలి కొట్టి ఖాళీ చేయించాలి. లేకపోతే లోపల నీరు గడ్డకట్టి పైపు పగులుతుంది. ఒక ఏడాది మా వారు "ఇంకో వారం ఆగుదాం" అన్నారు. ఆ వారం మాకు బాగా ఖరీదైంది.

ఇంకో సంగతి. ఇక్కడ గడ్డికి వేసే ఎరువు సంచి మీద మూడు అంకెల్లో మధ్యది, అంటే భాస్వరానిది, సున్నా ఉంటుంది. భాస్వరం చెరువుల్లోకి పోయి నాచు పడుతోందని, 2005 నుంచి రాష్ట్రమంతా మామూలు లాన్‌కి భాస్వరం వాడకూడదని చట్టం. కొత్తగా వేసిన గడ్డికీ, మట్టి పరీక్షలో తక్కువని తేలినదానికీ మాత్రమే మినహాయింపు. మన ఊళ్ళో డీఏపీ గుప్పెళ్ళతో చల్లడం గుర్తొచ్చి మొదట్లో విడ్డూరంగా ఉండేది.

చివరగా, మా గడ్డి కూడా నిద్రపోతుంది బాబాయ్ గారూ. మీది జనవరిలో, మాది జూలైలో. ఎండలు ముదిరి నీళ్ళు చాలకపోతే మాదీ అచ్చం మీ ఫోటోలా ఉంటుంది.


గెడ్డ ఒడ్డు · డిసెంబర్ 23, ఉదయం 9.20

అమ్మా, ఎంత ఓపిగ్గా రాశావు. ఇప్పుడు నాకో ఆలోచన వచ్చింది. మా అమ్మాయి కూడా అటువైపే ఉంటుంది, జనవరిలో వస్తోంది. ఆ బ్లూగ్రాస్ విత్తనాలు రెండు కిలోలు సూట్‌కేసులో తెమ్మంటే? మాది ఎలాగూ చలి ఊరే కదా.


నర్సరీ బుల్లోడు · డిసెంబర్ 23, 9.35

వద్దు సార్. విత్తనం అలా తేకూడదు. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం అనుమతి పత్రం, అక్కడి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం రెండూ ఉండాలి. ఎయిర్‌పోర్టులో పట్టుకుంటే అమ్మాయిగారికి టెన్షన్.


జయపురం మాస్టారు · డిసెంబర్ 23, 10.10

చట్టం పక్కన పెట్టినా బతకదు. మీకున్నది చలికాలం రెండు నెలలే. ఏప్రిల్, మే ఎండలకి ఆ గడ్డి వాడిపోతుంది. మిగిలితే జూన్ నుంచి మన కొరాపుట్ వాన, ఏడాదికి పదిహేను వందల మిల్లీమీటర్లు. వెచ్చగా, తడిగా ఉండే ఆ నాలుగు నెలల్లో చలి గోత్రం గడ్డి కుళ్ళు రోగంతో పోతుంది. మంచుదేశంలో మంచు కింద బతికే గడ్డి మన శ్రావణాన్ని తట్టుకోలేదు.

చలికాలంలోనూ పచ్చగానే కావాలంటే ఒక దారి ఉంది. ఉత్తరాదిలో గోల్ఫ్ మైదానాల వాళ్ళు అక్టోబర్, నవంబర్‌లో గరిక మీదే రై గ్రాస్ విత్తనం చల్లుతారు. కింద గరిక నిద్రపోతుంది, పైన రై పచ్చగా ఉంటుంది, వేసవికి రై పోయి గరిక లేస్తుంది. కావాలంటే వచ్చే ఏడు ఒక మూల వంద చదరపు అడుగుల్లో పావుకిలో నుంచి నాలుగు వందల గ్రాముల విత్తనంతో చూడండి, మొత్తం మీద కాదు. మార్చిలో రై పోనని మొండికేస్తే గరికకి ఎండ తగలదు, అదీ చూసుకోవాలి.

ఊటీ వైపు వెళ్ళినవాళ్ళు అక్కడి కికుయు గడ్డి చూసి అడుగుతుంటారు. చల్లదనానికి గరిక కన్నా మెరుగే. కానీ అది కంచె దాటి, పూలపాదుల్లోకి దూరి, మీ చేమంతుల్ని మింగేస్తుంది. నా సలహా అడిగితే ఇంటికి తేకండి.


గెడ్డ ఒడ్డు · డిసెంబర్ 23, 10.30

సరే, సూట్‌కేసు ఆలోచన మానేశాను.

కానీ మాస్టారూ, బతికుందో లేదో ఉగాది దాకా ఆగి తెలుసుకోవాలా? రోజూ చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదు.


మంచుదేశం · డిసెంబర్ 23, రాత్రి 9.00

బాబాయ్ గారూ, ఒక చిట్కా. చాకుతో నాలుగంగుళాల చదరంలో వేళ్ళతో సహా ఒక ముక్క కోసి, డబ్బాలో పెట్టి, ఇంట్లో ఎండ పడే కిటికీ దగ్గర ఉంచండి. తడి ఆరకుండా చూడండి. బతికుంటే రెండు మూడు వారాల్లో పచ్చ మొలకలు వస్తాయి. మామూలు చోటు నుంచి ఒకటి, నల్ల చార నుంచి ఒకటి తీసుకోండి.


గెడ్డ ఒడ్డు · డిసెంబర్ 29, ఉదయం 8.00

రెండు ఐస్‌క్రీం డబ్బాల్లో రెండు ముక్కలు దక్షిణం కిటికీలో పెట్టాను. మా మనవడు ఒకదానికి 'పాస్', ఇంకోదానికి 'ఫెయిల్' అని ముందే చీటీలు అంటించాడు.

ఇప్పుడు కొత్త సమస్య. ఫోటో చూడండి. వారం నుంచి లాన్ మీద ఇవి కనిపిస్తున్నాయి. జానెడు పొడుగు, బెత్తెడు వెడల్పు, ముదురు గోధుమ రంగు మచ్చలు. ఒకటి కుడికి, ఒకటి ఎడమకి, వరసగా మెట్టు మెట్టుగా. యూరియా చారలు కావు, అవి అడ్డంగా ఉన్నాయి, ఇవి నిలువుగా ఉన్నాయి. ఇది బూజు రోగమా?


బరంపురం కుర్రాడు · డిసెంబర్ 29, 8.20

కుక్క పని గురువుగారూ. కుక్క మూత్రం పోస్తే ఇలాగే మాడుతుంది.


నర్సరీ బుల్లోడు · డిసెంబర్ 29, 8.45

కుక్కదైతే గుండ్రంగా ఉండి, చుట్టూ ముదురు పచ్చ వలయం ఉంటుంది. ఇంత క్రమశిక్షణగా ఏ కుక్కా పొయ్యదు.


మంచుదేశం · డిసెంబర్ 29, రాత్రి 8.30

అవి అడుగులు! మంచు పట్టిన గడ్డి మీద ఎవరో నడిచారు. గడ్డకట్టిన ఆకు గాజులా పెళుసుగా ఉంటుంది, కాలు పడితే లోపల పగిలిపోతుంది. ఎండెక్కాక ఆ మేరకి గోధుమ రంగు తిరుగుతుంది. ఇక్కడ పోస్ట్‌మాన్ నడిచిన దారి మా లాన్ మీద అచ్చుపడి ఉంటుంది. అడుగులు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తున్నాయో చూడండి బాబాయ్ గారూ.


గెడ్డ ఒడ్డు · డిసెంబర్ 30, ఉదయం 7.10

చూశాను. వెనక తలుపు నుంచి బయల్దేరి, తులసికోట పక్కగా, నందివర్ధనం చెట్టు దాకా వెళ్ళి అక్కడ కాసేపు నిలబడి, మళ్ళీ వెనక తలుపుకే వచ్చాయి.

ధనుర్మాసం. పొద్దున్నే అయిదున్నరకి పూజకి పువ్వులు.

నేను ఇంకేమీ మాట్లాడదలచుకోలేదు.


జయపురం మాస్టారు · డిసెంబర్ 30, 7.25

మంచిది. మాట్లాడకండి. సంక్రాంతితో ధనుర్మాసం అయిపోతుంది. గడ్డి మళ్ళీ వస్తుంది.

అన్నట్టు, భోగి మంట లాన్ మీద వెయ్యకండి. చెప్పక్కర్లేదనుకున్నాను గానీ, రెండు కిలోల యూరియా తర్వాత చెప్పడమే నయమనిపించింది.


గెడ్డ ఒడ్డు · జనవరి 11, ఉదయం 9.00

డబ్బాల ఫలితం! మామూలు చోటు ముక్కలో పద్దెనిమిదో రోజుకి ఆకుపచ్చ సూదులు వచ్చాయి. లెక్కపెట్టాను, పదకొండు. నల్ల చార ముక్కలో ఏమీ లేదు. కాడ గోరుతో గీరితే మొదటిదానిలో తెల్లగా, గట్టిగా ఉంది. రెండోదానిలో మట్టిరంగు, నలిపితే పొడి. మనవడి చీటీలు సరిగ్గా సరిపోయాయి.

అంటే చారలు తప్ప మిగతాది బతికే ఉంది. చారలు ఏం చెయ్యాలి?


నర్సరీ బుల్లోడు · జనవరి 11, 9.30

కార్పెట్ ముక్కలు కొనకండి సార్, నా వ్యాపారానికి నష్టమైనా చెబుతున్నాను. గరిక కాడలు నేల మీద పాకుతాయి, అడుగున కూడా పాకుతాయి. మార్చిలో చారల్లో చచ్చిన గడ్డి గీరేసి, మట్టి కదిలించి, పక్కనున్న బతికిన గడ్డి నుంచి కాడలు తుంచి జానెడు దూరంలో గుచ్చండి. మే నాటికి మూసుకుపోతుంది. పచ్చి పేడ మాత్రం వెయ్యకండి, ఊళ్ళో ఉన్న కలుపు విత్తనమంతా దానితో వస్తుంది. బాగా మాగిన ఎరువు జల్లించి, ఇసుకతో కలిపి పలచగా చల్లండి.


పొట్టంగి అల్లం · జనవరి 11, సాయంత్రం 6.40

మన ఎర్రమట్టి పులుపు నేల సార్. ఎరువు ఎంత వేసినా సరిగ్గా అందదు. నేను అల్లానికి ముందు మట్టి పరీక్ష చేయిస్తాను. మీ సిమిలిగూడలోనే కృషి విజ్ఞాన కేంద్రం ఉంది కదా, ఒక సంచి మట్టి ఇవ్వండి.


జయపురం మాస్టారు · జనవరి 11, 7.30

మంచి మాట. గడ్డికి ఉదజని సూచిక, అంటే నేల పులుపు చెప్పే పీహెచ్ అంకె, 6 నుంచి 7 మధ్య ఉంటే హాయి. లాన్‌లో ఏడెనిమిది చోట్ల నుంచి, గడ్డి వేళ్ళు దిగే లోతు దాకా మట్టి తీసి, కలిపి, నీడన ఆరబెట్టి ఇవ్వండి. యూరియా చార దగ్గర తీయకండి, రిపోర్టు తప్పుదారి పట్టిస్తుంది. సున్నం ఎంతన్నది రిపోర్టు చూసే వెయ్యాలి, కంటి అంచనా వద్దు. సున్నం, యూరియా ఒకే రోజు అస్సలు కలపకండి. నత్రజని అమ్మోనియా అయి గాలిలో కలిసిపోతుంది, మీకు వాసన మిగులుతుంది.


గెడ్డ ఒడ్డు · ఫిబ్రవరి 6, మధ్యాహ్నం 12.15

రిపోర్టు వచ్చింది. 5.4. సున్నం ఎంతో వాళ్ళే రాసిచ్చారు, రెండు విడతలుగా వేయమన్నారు. మొదటి విడత వేసి తడిపాను. మధ్యాహ్నం పూటే!


బల్లార్షా ఎండ · ఫిబ్రవరి 6, 12.40

సార్ బాగుపడుతున్నారు.


గెడ్డ ఒడ్డు · మార్చి 24, ఉదయం 7.45

ఫోటోలు పెడుతున్నాను. మార్చి మొదటి వారంలో రాత్రులు వెచ్చబడగానే గోడ పక్క నుంచి పచ్చదనం మొదలైంది. గోడ పగలంతా ఎండ పట్టి రాత్రి వెచ్చగా ఉంటుంది కదా, అక్కడ ముందు లేచింది. గెడ్డ వైపు పల్లం ఆఖరున, నిన్న మొన్న. చారల్లో కాడలు గుచ్చాను, సగం పట్టాయి. మొదటి కోత మొన్న ఆదివారం, అంగుళంన్నర ఎత్తున, పై కొసలే. యూరియా రెండు వందల గ్రాములు, ఇసుకలో కలిపి, మనవడి చేత తూకం వేయించి చల్లాను. సున్నం వేసి నెలన్నర అయింది మాస్టారూ, మీరు అడగకముందే చెబుతున్నాను.

అడుగుల మచ్చలు పూర్తిగా పోయాయి. అయినా వచ్చే ధనుర్మాసానికి ముందుజాగ్రత్తగా వెనక తలుపు నుంచి నందివర్ధనం దాకా తొమ్మిది నల్లరాళ్ళు పరిపించాను. మా ఆవిడ అడుగు కొలిచి మరీ.


మంచుదేశం · మార్చి 24, రాత్రి 9.10

బాబాయ్ గారూ, ఎంత బాగుందో! మా లాన్ మీద ఇంకా అడుగు మంచు. పిన్నిగారు ఏమన్నారు రాళ్ళు చూసి?


గెడ్డ ఒడ్డు · మార్చి 25, ఉదయం 6.50

రాళ్ళ మీద నడిస్తే పొద్దున్న కాళ్ళు జిల్లుమంటాయట. గడ్డే మెత్తగా ఉండేదట.


బరంపురం కుర్రాడు · మార్చి 25, 7.05

గురువుగారూ, ఆ నల్లరాళ్ళు ఎక్కడ తెచ్చారు? రేటు ఎంత?